నడక నేర్పిన పాఠం

మార్చి 24 ప్రపంచ క్షయ నివారణ దినం. 1882లో ఆ రోజునే రాబర్ట్ కాక్ క్షయ క్రిమిని కనుగొన్నట్లు బెర్లిన్‌లో ప్రకటించారు. ఆ రోజున మా హాస్టల్ విద్యార్థులమంతా ఊరివారితో కలిసి నడిచాము. పోగైన విరాళాలతో రోగులకు కందిపప్పు, గుడ్లు, పల్లీలు ఇచ్చాము. "రెండు వారాలు దాటిన దగ్గుకు కళ్లె పరీక్ష చేయించుకోండి" అని దారి పొడవునా నినాదాలు చేశాము.

ఆ రాత్రి మా గదిలోనే ఒక తమ్ముడు దుప్పటి ముసుగులో దగ్గు ఆపుకుంటున్నాడు. నెల రోజులుగా దగ్గేనట! తెలిస్తే కంచం వేరు పెడతామని దాచాడు. క్షయ కంచం వల్ల రాదు, రోగి దగ్గినప్పుడు గాలి ద్వారా సోకుతుంది. మరునాడు అతనికి తోడుగా ప్రభుత్వ ఆసుపత్రికి నడిచాము. పరీక్ష, మందులు ఉచితం. ఆరు నెలలు ఒక్కపూట మానకుండా మందులు వాడాడు, నయమైంది.

మిత్రులారా, దగ్గేవారిని వెలివేయకండి. ఆసుపత్రి దాకా తోడు నడవండి.