చెట్టులో మేకు: వనరక్షణోద్యమాలలో ఒక వివాదము

అడవిని కాపాడుటకు యంత్రమును చెడగొట్టుట న్యాయమా? ఈ ప్రశ్న ఎక్కడో దూరదేశపుదని విద్యార్థులు తలంపరాదు. 2025 మార్చి 30న హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయము ప్రక్కనున్న కంచ గచ్చిబౌలిలో, ప్రభుత్వము వేలము వేయదలచిన 400 ఎకరాలను చదును చేయుటకు బుల్‌డోజర్లు దిగినవి. (కంచ యనగా మన ప్రాంతమున పశువులు మేయు బీడు. అందున్న చెట్టు అడవి లెక్కలోనికి వచ్చునా రాదా యన్నదే అచటి తగవు.) విద్యార్థులు ఉత్తచేతులతో ఎదురు నిలిచిరి, పలువురిని పోలీసులు పట్టుకొనిపోయిరి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులను ఆపించినది. కాని అప్పటికే సుమారు నూరెకరాలలో చెట్లు పోయినవని న్యాయస్థానమునకు అందిన నివేదిక తెలిపినది. తొలిరాత్రియే ఎవరైనా ఇంజనులలో ఇసుక పోసియుండిన ఆ నూరెకరాలు దక్కెడివి కదా యని వాదించువారికి ఏమి జవాబు చెప్పవలెను?

అమెరికాలో 1980లో ఏర్పడిన ‘ఎర్త్ ఫస్ట్’ వారిలో కొందరు ఇట్లే వాదించిరి. మానులో పొడుగాటి మేకులు దిగగొట్టినచో, రంపము పాడగునను భయముతో కంపెనీ ఆ చెట్టును వదలునని వారి లెక్క. 1987 మే నెలలో కాలిఫోర్నియాలోని క్లోవర్‌డేల్ కోతమిల్లులో పట్టీరంపము మేకునకు తగిలి తెగినది. ఆ ముక్క ఒక యువ కార్మికుని ముఖమును చీల్చి దవడను విరుగగొట్టినది. ఆ మేకు ఎవరు కొట్టిరో తేలలేదు. మన నకిరేకల్ వంటి ఊళ్లలో సామిల్లు చూచినవారికి ఇందు వింత తోచదు. రంపము ముందు నిలుచునది యజమాని కాదు. ఆ ఉద్యమములోనిదే యైన జూడీ బారీ 1990లో మేకుల పద్ధతిని బహిరంగముగా విడనాడినది. కార్మికులను శత్రువులను చేసికొని అడవిని నిలుపజాలమని ఆమె వాదము.

అట్లని ఆస్తినష్టమెల్ల హింసయే యనుటకు మాకు మనసొప్పదు. అదే 1987 నవంబరు 14న కర్ణాటకలోని కుస్నూరులో గ్రామస్థులు, తమ ఉమ్మడి బీళ్లలో గుజ్జు పరిశ్రమకై పెట్టిన నీలగిరి మొక్కలను పెరికి, తమకు పనికివచ్చు మొక్కలను నాటిరి. ‘కిత్తికో-హచ్చికో’ యనిరి, పెరుకుట, నాటుట. ముందుగా చాటి, పట్టపగలు, తమ ముఖములు చూపి చేసిరి. శిక్ష పడినను తమకే పడును. మేకు కొట్టినవాడు మాత్రము చీకటిలో తప్పుకొనును. దెబ్బ మరియొకరికి తగులును.

ఇంజనులో ఇసుక ఈ రెంటి నడుమ నున్నది. దానివలన ఎవరికిని గాయము కాకపోవచ్చును; కాని మరునాడు సంజాయిషీ చెప్పుకొనవలసినది, కూలి పోగొట్టుకొనవలసినది డ్రైవరే. అందుచేత మేము గచ్చిబౌలి విద్యార్థుల పక్షమే వహించుచున్నాము. ఐనను ఆ నూరెకరాల లెక్క మా వాదన కెదురుగా నిలిచియే యున్నది.