శంఖులు, చక్రాలు, దొంగలు

మీ చేతివేళ్ళ చివరలను ఒకసారి పరిశీలించండి. సన్నని గీతలు కనిపిస్తున్నాయి కదూ! ఏ వేలిపై శంఖు ఉందో, ఏ వేలిపై చక్రం ఉందో లెక్కపెట్టి పెద్దలు జాతకం చెబుతూ ఉంటారు. ఈ గీతలు మన భవిష్యత్తును చెప్పలేవు. కాని మన ఆచూకీని మాత్రం చెప్పగలవు. తల్లి గర్భంలో ఉండగానే ఏర్పడిన వీటి అమరిక జీవితాంతం మారదు. కవల పిల్లలకు కూడా ఒకేవిధంగా ఉండదు.

గీతల వెంబడి స్వేద రంధ్రాలు ఉంటాయి. చెమటలో అధికభాగం నీరు. కొద్దిగా లవణాలు, ఎమినో ఆమ్లాలు ఉంటాయి. ముఖాన్ని, జుట్టును తాకినపుడు వేళ్ళకు జిడ్డు కూడా అంటుతుంది. అందువల్ల గాజును ముట్టుకొంటే కంటికి ఆనని ముద్ర పడుతుంది. దానిపై మెత్తని పొడిని కుంచెతో అద్దితే, తేమా జిడ్డూ ఉన్నచోటనే పొడి నిలుస్తుంది. కాగితంపై ముద్రకైతే నిన్‌హైడ్రిన్ ద్రావణం పూస్తారు. అది ఎమినో ఆమ్లాలతో చర్య జరిపి ఊదారంగునిస్తుంది.

ముద్ర దొరికింది. అది ఎవరిది? 1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయం ఏర్పడింది. హెన్రీ పేరుతో ప్రసిద్ధమైన వర్గీకరణకు అక్కడి అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ ఎంతో కృషి చేశారు. ప్రతి వేలికి చక్రం ఉందా, లేదా అని చూస్తారు. పది వేళ్ళకు 2ను పదిసార్లు గుణిస్తే 1024 తరగతులు! అయితే దొంగ పది ముద్రలూ వదలిపోడు. ఒక్క ముద్రతో వెదకడం ఆనాడు చాలా కష్టం. 2022లో మన దేశంలో ప్రారంభమైన జాతీయ వేలిముద్రల కంప్యూటర్ వ్యవస్థ ఈ పనిని సులభం చేసింది.

జల్పాయిగురిలో ఒక తేయాకు తోట మేనేజరు హత్యకు గురయ్యాడు. అతని పెట్టెలోని బెంగాలీ పంచాంగంపై గోధుమరంగు ముద్ర ఒకటి కనిపించింది. అది, పూర్వం దొంగతనానికి శిక్ష పడిన పాత నౌకరు బొటనవేలి ముద్రతో సరిపోయింది. న్యాయస్థానం అతనికి దొంగతనానికి శిక్ష వేసింది; హత్యానేరం మాత్రం రుజువు కాలేదంది. ఎందుకు? ముద్ర "ఇతడు దీనిని తాకాడు" అని మాత్రమే చెబుతుంది. ఎందుకు తాకాడో చెప్పదు.

ఇంకొక చిక్కు. ముద్ర దొరికినా, దాని యజమాని ముద్రలు పోలీసుల వద్ద లేకపోతే పోల్చడానికేమీ ఉండదు. అనుమానితుడు దొరికేవరకు ఆగవలసిందే.

ఇంట్లో వస్తువు పోగానే చాలామంది పనిమనిషినే అనుమానిస్తారు. బీరువాపై ఆమె ముద్ర ఉండటం వింత కాదు. రోజూ తుడిచేది ఆమే కదా! కాని పగులగొట్టిన కిటికీ అద్దంపై పరాయివాడి ముద్ర దొరికితే, అదే ఆమెను నిందనుండి కాపాడవచ్చు. పోలీసులు రాకముందే ఇరుగుపొరుగువారు గుమికూడి ఆ అద్దాన్ని పట్టుకొంటే? ఆ సాక్ష్యం చెరిగిపోతుంది. ఇక ఏ ప్రయోగశాల దానిని తిరిగి తేలేదు.

కనుక ఎక్కడైనా దొంగతనం జరిగితే ఏ వస్తువునూ ముట్టుకోకండి, ఇతరులనూ ముట్టుకోనివ్వకండి. విజ్ఞానశాస్త్రానికి మీరు చేయగల మొదటి సహాయం అదే.