యూరియాకు పైరు వయసే ముహూర్తం

అల్లుడూ,

కొట్టుకి యూరియా లోడు వచ్చిందని, ఊడ్పులై వారం తిరక్కముందే ఉన్న బస్తాలన్నీ ఒక్కసారే చల్లించేద్దామనుకుంటున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. తెచ్చి ఇంట్లో పెట్టుకోవడం మంచిదే. చల్లడం మాత్రం లారీ వచ్చిన రోజును బట్టి కాదురా, పైరు వయసును బట్టి.

వేరు నిలదొక్కుకోని మొక్క అంత నత్రజని తీసుకోలేదు. మిగిలింది నీకోసం మడిలో ఆగదు. కొంత అమ్మోనియాగా గాలిలో కలుస్తుంది, కొంత నీటితోపాటు బోదెలోకి పోతుంది. అందుకే మూడు దఫాలు పెట్టారు: దమ్ములో ఒకటి, పిలకలు తొడిగేటప్పుడు ఒకటి, అంకురం పడేటప్పుడు ఒకటి.

మూడోదాని దగ్గరే చాలామంది తప్పుతారు. దానికి కోత నుంచి వెనక్కి లెక్కపెట్టాలి. వరి ఈనిన నెలకి కాస్త అటూఇటూగా కోతకొస్తుంది. ఈనడానికి నెల ముందు అంకురం పడుతుంది. నీ స్వర్ణ 150 రోజుల పంట కాబట్టి నారు పోసిన 90వ రోజు దరిదాపుల్లో వేయాలి. పక్క చేలో 120 రోజుల రకం ఉంటే వాళ్లకి 60వ రోజుకే ఆ అదను వచ్చేస్తుంది. వాళ్లు చల్లుతున్నారని నువ్వు తొందరపడకు. అనుమానముంటే తల్లి పిలకను పీకి కాడను నిలువునా చీల్చి చూడు. అడుగున తెల్లటి నూగుతో చిన్న మొన కనబడితే అదే సమయం.

చల్లే ముందు మడిలో నీరు తీసెయ్. బురద పదునులో చల్లి, 36 నుంచి 48 గంటలు ఆగి మళ్లీ నీరు పెట్టు. అల్పపీడనం అన్న మాట వినబడితే ఆ పూట బస్తా విప్పకు.

దమ్ములో డీఏపీ వేశావుగా? 50 కిలోల బస్తాలో 9 కిలోల నత్రజని ఉంటుంది, అంటే సుమారు 20 కిలోల యూరియాతో సమానం. అదీ లెక్కలో వేసుకో. ఎకరానికి మొత్తం ఎంతన్నది నేల పరీక్ష కార్డు చూసి తేల్చుకో.

ఈనిన తర్వాత ఆకు కాస్త రంగు తగ్గిందని ఇంకో బస్తా యూరియా వేయాలనిపిస్తుంది. వేయకు. ఆ పచ్చదనం గింజలోకి రాదు. ఎక్కువ నత్రజనితో మెత్తబడిన పైరుకి దోమపోటు, పాముపొడ తెగులు ఇట్టే తగులుకుంటాయి, గాలి వస్తే చేను పడిపోతుంది. 45 కిలోల బస్తా 266 రూపాయల 50 పైసలే కదా అని చల్లినవాళ్లు, దాని అసలు ఖరీదు పురుగుమందుల కొట్లో కడుతుంటారు.

నారు పోసిన తేదీ గోడ క్యాలెండరు మీద రాసిపెట్టు. అక్కణ్ణుంచి 90వ రోజుకి గుర్తు పెట్టుకుని, దానికి వారం ముందు నుంచే కాడలు చీల్చి చూడటం మొదలుపెట్టు. అందాకా బస్తాలను చెక్కల మీద పేర్చు, నేల చెమ్మ తగిలితే గడ్డకడతాయి.

ఇట్లు,
మీ మామయ్య