'టు' తర్వాత '-ఇంగ్' ఎప్పుడొస్తుంది?

చదవడం ఇష్టం, చదవడం పూర్తి చేశాను, చదవడం నేర్చుకున్నాను. తెలుగులో ఒక్క 'చదవడం' మూడు చోట్లా సరిపోతుంది. ఇంగ్లిష్‌లో అలా కుదరదు. ఒకచోట 'రీడింగ్' అనాలి, అది జెరండ్. మరోచోట 'టు రీడ్' అనాలి, అది ఇన్‌ఫినిటివ్. ఎస్సెస్సీ, బ్యాంక్ పరీక్షల్లో తప్పు గుర్తించమనే బిట్లలో మనవాళ్లు తడబడేది ఇక్కడే.

ముందున్న క్రియదే పెత్తనం

ఎంజాయ్, అవాయిడ్, ఫినిష్, మైండ్, డినై, సజెస్ట్, పోస్ట్‌పోన్ తర్వాత '-ఇంగ్' రావాలి. వాంట్, హోప్, డిసైడ్, రిఫ్యూజ్, ప్రామిస్, మేనేజ్ తర్వాత 'టు' రావాలి. వీటిని కంఠతా పట్టాల్సిందే, అడ్డదారి లేదు. ఒక్క సజెస్ట్ విషయంలో మాత్రం మరింత జాగ్రత్త: 'హి సజెస్టెడ్ టు గో' తప్పు, 'హి సజెస్టెడ్ గోయింగ్' ఒప్పు.

రెండూ ఒప్పే, అర్థమే వేరు

స్టాప్, రిమెంబర్, ట్రై తర్వాత రెండు రూపాలూ వస్తాయి. తేడా తెలియడానికి వాక్యాన్ని తెలుగులో అనుకోండి చాలు. 'హి స్టాప్డ్ డ్రింకింగ్ టీ' అంటే టీ తాగడం మానేశాడు. 'హి స్టాప్డ్ టు డ్రింక్ టీ' అంటే టీ తాగడానికి ఆగాడు. మొదటివాడు టీ జోలికే పోడు, రెండోవాడు టీకొట్టు దగ్గరే ఉన్నాడు.

రిమెంబర్ కూడా ఇంతే. తాళం వేసినట్టు గుర్తుంటే 'ఐ రిమెంబర్ లాకింగ్ ద డోర్'. వేయాలని గుర్తుపెట్టుకోమంటే 'రిమెంబర్ టు లాక్ ద డోర్'. తెలుగులో 'వేసినట్టు' వస్తే '-ఇంగ్', 'వేయాలని' వస్తే 'టు'.

ఇక ట్రై. 'చేసి చూడు' అనిపిస్తే 'ట్రై డూయింగ్', 'చేయడానికి ప్రయత్నించు' అనిపిస్తే 'ట్రై టు డూ'.

'టు' కనబడగానే తొందరపడొద్దు

ప్రిపొజిషన్ తర్వాత క్రియ వస్తే అది '-ఇంగ్' రూపంలోనే ఉంటుంది: గుడ్ ఎట్ సింగింగ్, ఇంట్రెస్టెడ్ ఇన్ లెర్నింగ్. ఇంతవరకు అందరికీ తెలిసిందే. చిక్కల్లా 'టు'తోనే. అది కొన్నిసార్లు ఇన్‌ఫినిటివ్ గుర్తు, కొన్నిసార్లు అచ్చమైన ప్రిపొజిషన్. పేపర్ తయారుచేసేవారికి ఇష్టమైన ఉచ్చు ఇదే.

తేల్చుకోవాలంటే 'టు' తర్వాత ఒక నామవాచకం పెట్టి చూడండి. 'ఐ లుక్ ఫార్వర్డ్ టు ద హాలిడేస్' కుదిరింది కాబట్టి 'లుక్ ఫార్వర్డ్ టు మీటింగ్ యూ' అనాలి. 'ఐ వాంట్ టు ద హాలిడేస్' కుదరదు కాబట్టి 'వాంట్ టు మీట్' అనాలి. అబ్జెక్ట్ టు, అడిక్టెడ్ టు, విత్ ఎ వ్యూ టు కూడా '-ఇంగ్' జాతివే.

'యూస్డ్ టు'లోని 'టు' మాత్రం రెండు రకాలుగానూ వస్తుంది. 'ఐ యూస్డ్ టు వేక్ అప్ ఎర్లీ' అంటే ఒకప్పుడు పెందలాడే లేచేవాణ్ణి. 'ఐ యామ్ యూస్డ్ టు వేకింగ్ అప్ ఎర్లీ' అంటే పెందలాడే లేవడం నాకు అలవాటే. 'యామ్' ఉందా లేదా అన్నది ముందు చూడండి.

'-డానికి' అంటే 'ఫర్' కాదు

'మిమ్మల్ని కలవడానికి వచ్చాను' అన్నదాన్ని 'ఐ కేమ్ ఫర్ మీటింగ్ యూ' అని రాసేస్తుంటాం. వచ్చిన పని చెప్పేటప్పుడు 'టు మీట్ యూ' అనాలి. వస్తువు దేనికి పనికొస్తుందో చెప్పేటప్పుడు మాత్రం 'ఫర్' వాడొచ్చు: 'ఎ నైఫ్ ఫర్ కటింగ్ వెజిటబుల్స్'.

'టు' మాయమయ్యే చోటు

మేక్, లెట్ తర్వాత 'టు' ఉండదు: 'దే మేడ్ హిమ్ వెయిట్'. మేక్ ప్యాసివ్‌లోకి మారగానే 'టు' తిరిగి వస్తుంది: 'హి వాజ్ మేడ్ టు వెయిట్'.

తప్పు పట్టండి

1. షి అవాయిడ్స్ టు ఈట్ స్వీట్స్.
2. ఐ యామ్ లుకింగ్ ఫార్వర్డ్ టు సీ యూ.
3. ద బాయ్ వాజ్ మేడ్ స్టాండ్ ఔట్‌సైడ్.

జవాబులు: 1. ఈటింగ్, 2. సీయింగ్; 3. టు స్టాండ్.