దెబ్బల కంటే ముందు, పడటం నేర్పించండి



సెలవులు రాగానే పిల్లలు కరాటే నేర్చుకుంటామని అడుగుతారు. ఐకిడో కూడా అలాంటి విద్యే. దీన్ని జపాన్‌లో మొరిహే ఉయెషిబా (1883–1969) ప్రారంభించారు. ఎదుటివారి బలాన్నే పక్కకు మళ్ళించి, మణికట్టును, మోచేతిని పట్టి అదుపు చేయడం దీని పద్ధతి. ఇందులో మొదట్లోనే నేర్పేది దెబ్బ తగలకుండా పడటం. మీ పిల్లలను ఏ విద్యలో చేర్చినా, ముందు ఇది నేర్పుతారా అని మాస్టరును అడగండి.

ఎందుకు? పడేటప్పుడు అరచేయి నేలకు ఆనిస్తే బరువంతా మణికట్టు మీద పడి ఎముక విరగవచ్చు. వెనక్కి పడితే తల నేలకు కొట్టుకుంటుంది. గడ్డం ఛాతీకి ఆనించి, వీపు గుండ్రంగా వంచి దొర్లడం నేర్చుకుంటే ఈ ప్రమాదం తగ్గుతుంది. ఇది మాస్టరు దగ్గర, మెత్తటి పరుపు మీదే నేర్చుకోవాలి. ఇంట్లో షాబాదు బండల మీద ప్రయత్నించనివ్వకండి.

చేర్చే ముందు

1. ఫిట్స్, ఉబ్బసం, గుండెజబ్బు ఉంటే మొదట డాక్టరును అడగండి, తర్వాత మాస్టరుకు చెప్పండి. "చెబితే చేర్చుకోరు, ఆడపిల్లకు రేపు సంబంధాలు రావు" అని దాచకండి. ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. నోట్లో ఏమీ పెట్టకూడదు. చేతిలో తాళాలు పెట్టినందువల్ల లాభం లేదు. ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయాలి. విషయం తెలియని మాస్టరు ఇవన్నీ ఎలా చేయగలడు?

2. కీలు పట్టినప్పుడు నొప్పి తెలియగానే చేత్తో తట్టాలి, అవతలివారు వెంటనే వదలాలి. ఓర్చుకోవడం గొప్ప కాదని పిల్లలకు చెప్పండి.

3. గోళ్ళు కత్తిరించండి. గాజులు, ఉంగరాలు, గొలుసులు తీసి పంపండి.

దెబ్బ తగిలితే

* కీలు వాస్తే కదలకుండా ఉంచి, బట్టలో చుట్టిన ఐసు పెట్టండి. తైలం రుద్దడం, లాగడం, పసరుకట్టు కట్టించడం వద్దు. ఆసుపత్రిలో ఎక్స్‌రే తీయించండి.

* తలకు దెబ్బ తగిలాక వాంతులు, మగత, తగ్గని తలనొప్పి, ఫిట్స్, తడబడే మాట, ముక్కు చెవుల నుండి రక్తం గాని నీరు గాని కనిపిస్తే క్షణం ఆలస్యం చేయకండి. ఇవి కొన్ని గంటల తర్వాత కూడా రావచ్చు. డాక్టరు ఒప్పుకునేవరకు మళ్ళీ క్లాసుకు పంపకండి.

* మెడ నొప్పి, కాళ్ళు చేతుల తిమ్మిరి ఉంటే లేపి కూర్చోబెట్టకండి. కదిలించకుండా 108ని పిలవండి.

భయంతో పిల్లలను ఇంట్లో కూర్చోబెట్టనక్కరలేదు. జబ్బును దాచకుండా చెప్పి, మంచి మాస్టరును చూసి, ధైర్యంగా పంపండి.