త్రాడు పట్టినవారు

పాఠ్యభాగములు: అపొ. కార్యములు 9:23-25, ద్వితీయోపదేశకాండము 22:1-3, 1 సమూయేలు 30:21-25



దమస్కులో సౌలును చంపవలెనని శత్రువులు రాత్రింబగళ్లు గుమ్మములయొద్ద పొంచియుండిరి. అప్పుడు శిష్యులు ఆయనను గంపలో కూర్చుండబెట్టి, చీకటివేళ ప్రాకారముమీదనుండి మెల్లగా దించివేసిరి. గంపలోనివాని పేరు లోకమంతట తెలిసినది. పైన నిలిచి పట్టుకొన్నవారిలో ఒక్కని పేరైనను అక్కడ వ్రాయబడలేదు. వారి పట్టు జారియున్నయెడల పౌలు పత్రికలు మనకు అందియుండునా?

1. నేలమీద నిలుచువారు

వేడిగాలి బెలూను పనిలోను ఇట్టివారున్నారు. 2017 నవంబరులో అరకు లోయలో జరిగిన బెలూను ఉత్సవమువంటి చోట్ల అందరి కన్నులు పైకెగురు గంపమీదనే యుండును. అయితే నేలమీదివారు ముందుగానే పని మొదలుపెట్టుదురు. బట్టను పరచుదురు. ఇద్దరు దాని మూతిని తెరచి పట్టుకొనగా పెద్ద పంకా చల్లగాలిని నింపును. తరువాత మంటతో ఆ గాలిని వేడిచేయగా అది తేలికయై బెలూను లేచును. ఒకడు శిఖరమునకు కట్టిన త్రాడు పట్టి, అది ఊగకుండ ఆపును. కొందరు గంపమీద తమ బరువు మోపి, నడుపువాడు చెప్పువరకు విడువరు. పిమ్మట గాలి పోయిన దిక్కున బండిలో వెంబడించి, పొలము యజమానుని అడిగి లోపలికి పోయి, బట్టను ముండ్లకు తగులనీయక మడచి తెత్తురు. ముల్లు తగిలిన బట్ట ఏమగునో సిరిసిల్ల నేతపనివారికి మేము చెప్పనక్కరలేదు. అనేక దేశములలో ఈ పనికి జీతము లేక ఇష్టపూర్వకముగా వచ్చువారు కలరు.

2. మన పొలములో దిగినప్పుడు

మన ప్రాంతమున వేడిగాలి బెలూను అరుదు. అయినను మరియొక విధమైన బెలూను పని మన గట్లవరకు రాగలదు. హైదరాబాదులో టాటా మౌలిక పరిశోధన సంస్థవారి బెలూను కేంద్రము 1969 నుండి ఉన్నది. పలుచని ప్లాస్టిక్కుతో చేసి హైడ్రోజనుతో నింపిన వారి బెలూనులు పరికరములను 30 మొదలు 40 కిలోమీటర్ల ఎత్తునకు మోసికొనిపోవును. పని ముగిసినపిమ్మట పరికరములు రంగుల పారాచూటుతో గాలి తీసికొనిపోయిన చోట దిగును. దిగుటకు వీలున్న జిల్లాలుగా వారి ప్రకటనలలో జగిత్యాల, రాజన్న సిరిసిల్ల కూడ పేర్కొనబడినవి. 2022 డిసెంబరులో వికారాబాదు జిల్లా మొగిలిగుండ్లలో అట్టి పెద్ద పరికరము దిగగా జనులు గుమిగూడిరి.

అది కోరుట్ల పసుపు చేనులోనో జగిత్యాల మామిడితోటలోనో పడినయెడల ఏమి చేయుదుము? బట్ట మంచిది, త్రాళ్లు గట్టివి, కళ్లముమీద కప్పుకొనవచ్చునని తోచును. అయితే 2005 ఏప్రిలులో అట్టి బెలూను 20 మొదలు 41 కిలోమీటర్ల ఎత్తులోని గాలిని గొట్టములలో పట్టి తెచ్చినది. దానిలో మూడు క్రొత్త సూక్ష్మజీవులు కనబడెనని 2009లో ప్రకటించిరి. దిగిన చోట ఎవరైనను మూత తెరచియున్నయెడల మన ఊరి దుమ్ము కలిసి, ఆ శ్రమయంతయు వ్యర్థమైయుండును.

కావున దానిని ముట్టకూడదు. కొన్నిటిలో ప్రాణాపాయకరమైన విద్యుత్తు ఉండవచ్చును. పిల్లలను, పశువులను దూరముగా ఉంచి, పోలీసు ఠాణాకు గాని తపాలా కార్యాలయమునకు గాని వెంటనే తెలుపవలెను. సొంతవారు వచ్చువరకు కావలియుండవలెను. తప్పిపోయిన ఎద్దునైనను వస్త్రమునైనను చూచి చూడనట్లు పోక, సహోదరుడు వెదకి వచ్చువరకు భద్రపరచి అప్పగించుమని మోషే ధర్మశాస్త్రము నేర్పుచున్నది. పొరుగువాని సొత్తు ఆకాశమునుండి పడినంతమాత్రమున మనదికాదు.

3. సమాన భాగము

బెసోరు వాగుయొద్ద 200 మంది అలసి నిలిచిపోయిరి. యుద్ధమునకు పోయినవారిలో కొందరు వారికి దోపుడుసొమ్ములో పాలు ఇయ్యమనిరి. దావీదు దానికి ఒప్పుకొనక, సామానునొద్ద ఉన్నవానికిని యుద్ధమునకు పోయినవానికిని సరిభాగమని కట్టడ చేసెను. ఆరాధనకు ముందు చాపలు పరచు తల్లి, దీపములో నూనె పోయు ముసలివాడు, సువార్తికునికి పిడికెడు బియ్యము దాచు విధవరాలు బోధింపరు, పాడరు. దేవుని లెక్కలో వారిది తక్కువ పాలు కాదు.

కూటములలో ఆలోచించుటకు

1. మన సంఘములో పేరు లేక త్రాడు పట్టినవారెవరు? వారిని ఎన్నడైనను జ్ఞాపకము చేసికొంటిమా?

2. ఎవరును చూడనప్పుడు మన చేతికి చిక్కిన పరుల సొత్తును ఏమి చేయుచున్నాము?