దూరపు మిషన్ మీద పని: కొన్ని అనుభవ పాఠాలు

ఓపెన్‌కాస్ట్ గనిలో గట్టు ఎంత ఏటవాలుగా ఉంటే నిలుస్తుంది, వానాకాలంలో నేలలోపలి నీరు ఎటు కదులుతుంది? ఇలాంటి పెద్ద లెక్కలు ల్యాప్‌టాప్ మీద తెమలవు. 1978లో స్కూల్ ఆఫ్ మైన్స్‌గా మొదలై, 2025లో డాక్టర్ మన్మోహన్ సింగ్ ఎర్త్ సైన్సెస్ యూనివర్సిటీ అయిన మన కొత్తగూడెం కాలేజీ పిల్లలకు ఇది తెలిసిందే. మనిషి ఇక్కడ, లెక్క నడిచే మిషన్ ఎక్కడో. చాలాకాలం సర్వర్లు చూసుకున్నవాడిగా వాళ్లకు చెప్పేవే ఇక్కడ రాస్తున్నాను.

1. లైను తెగుతుందనుకునే పని మొదలుపెట్టండి. గాలిదుమారం వస్తే మనకు కరెంటు పోతుంది, కాసేపటికి టవరూ పోతుంది. మణుగూరు, భద్రాచలం అడవి దారుల్లో సిగ్నల్ సంగతి చెప్పనే అక్కర్లేదు. దూరపు మిషన్‌లోకి లాగిన్ అయ్యే ఎస్‌ఎస్‌హెచ్ కనెక్షన్ పోయిందని సర్వర్ గుర్తించగానే, ఆ తెరమీద మీరు నడుపుతున్న ప్రోగ్రామ్ సాధారణంగా ఆగిపోతుంది. రాత్రంతా నడవాల్సిన లెక్క అర్ధరాత్రి పోతుంది. అందుకే లాగిన్ కాగానే ముందు టీమక్స్ తెరవండి, ప్రోగ్రామ్ దాంట్లో నడపండి. లైను తెగినా అక్కడ పని సాగుతూనే ఉంటుంది. తెల్లారి ఇంకో చోటి నుంచి లాగిన్ అయి అటాచ్ చేస్తే అదే తెర, అదే వరుస. టీమక్స్ లేనిచోట 1987 నుంచీ వాడుకలో ఉన్న స్క్రీన్ అనే ప్రోగ్రామ్ దొరకవచ్చు. ఏదీ లేకపోతే నోహప్ కమాండ్. ఏది వాడినా ఫలితాన్ని ఫైల్‌లోకి రాయించండి.

2. చెరిపే కమాండ్ కొట్టేముందు హోస్ట్‌నేమ్ అని కొట్టి ఏ మిషన్‌లో ఉన్నారో చూడండి. నాలుగు నల్ల తెరలు తెరిచి ఉన్నప్పుడు అన్నీ ఒకేలా ఉంటాయి.

3. కమాండ్‌లో ఏ ముక్క ఇక్కడ విప్పుకుంటుంది, ఏ ముక్క అక్కడ? ఎక్కువమంది తడబడేది ఇక్కడే. లాగిన్ కాకుండా, ఎస్‌ఎస్‌హెచ్ పక్కన సర్వర్ పేరు, ఆ పక్కన కమాండ్ రాసి పంపవచ్చు. అందులో నక్షత్రం గుర్తు ఉంటే, దాన్ని ముందు మీ ల్యాప్‌టాప్‌లోని షెల్ చూస్తుంది. ఇక్కడ సరిపోలే ఫైళ్లుంటే వాటి పేర్లే అక్కడికి వెళ్తాయి. డాలర్ గుర్తుతో రాసే వేరియబుల్ కూడా అంతే. కమాండ్ మొత్తాన్ని సింగిల్ కోట్లలో పెడితే చెక్కుచెదరకుండా అక్కడికి చేరి, అక్కడే విప్పుకుంటుంది. ఇంకోటి: లాగిన్ అయితే నడిచే ప్రోగ్రామ్ ఇలా పంపితే ఒక్కోసారి 'కమాండ్ నాట్ ఫౌండ్' అని వస్తుంది. లాగిన్‌లో చదివే సెట్టింగులన్నిటినీ ఈ దారిలో షెల్ చదవదు కాబట్టి పాత్ మారిపోతుంది. ప్రోగ్రామ్ పూర్తి పాత్ రాయండి.

4. ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్‌కు వాడే ప్రైవేట్ కీ ఎవరికీ ఇవ్వకండి. స్నేహితుడికి వాట్సాప్‌లో పంపడం, నెట్ సెంటర్ కంప్యూటర్‌లో వదిలిరావడం రెండూ ఒకటే. సర్వర్‌కు వెళ్లాల్సింది పబ్లిక్ కీ మాత్రమే; ప్రైవేట్ కీకి పాస్‌ఫ్రేజ్ ఉండాలి. ఎస్‌ఎస్‌హెచ్‌కు ముందు, టెల్నెట్‌తో లాగిన్ అయ్యే రోజుల్లో పాస్‌వర్డ్ దారిలో ఎవరైనా చదవగలిగేలా వెళ్లేది. హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయం నెట్‌వర్క్‌లో అలా పాస్‌వర్డ్‌లు దొంగతనమయ్యాకే, అక్కడి పరిశోధకుడు తాతు యులోనెన్ 1995లో ఎస్‌ఎస్‌హెచ్ రాశాడు. సర్వర్ గుర్తింపు మారిందన్న హెచ్చరిక వస్తే, మీ ల్యాప్‌టాప్‌లో దాచి ఉన్న పాత గుర్తింపును చెరిపేసి ముందుకు పోకండి. నిజంగా మార్చారా అని అడ్మిన్‌ను అడగండి.

5. ఆ మిషన్ మీ ఒక్కరిది కాదు. ఐఐటీ హైదరాబాద్‌లోని పరమ్ సేవ సూపర్‌కంప్యూటర్ సామర్థ్యం 838 టెరాఫ్లాప్స్, అంటే సెకనుకు 838 లక్షల కోట్ల లెక్కలు. అంతటి మిషన్‌లో కూడా లాగిన్ అయ్యే చోట అందరూ ఉంటారు. అక్కడ బరువైన ప్రోగ్రామ్ నడిపితే మిగతావాళ్ల తెరలు బిగుసుకుపోతాయి. ఇది పద్ధతి కాదని నేను గట్టిగానే చెబుతాను. ఎన్ని కోర్‌లు, ఎంత మెమరీ, ఎంతసేపు కావాలో రాసి స్లర్మ్ వంటి షెడ్యూలర్‌కు అప్పగించండి. వంతు వచ్చినప్పుడు అదే నడుపుతుంది, మీ లైనుతో దానికి పనిలేదు. అయిదు నిమిషాల్లో ముగిసే చిన్న నమూనా ముందు నడిపి చూస్తే, ఎంత అడగాలో తెలుస్తుంది.

6. లాగ్‌లో టైము చూసి కంగారుపడకండి. చాలా సర్వర్లు యూటీసీలో ఉంటాయి, మనకంటే అయిదున్నర గంటలు వెనక.

7. ఫలితాలు తెచ్చుకోవడానికి ఎస్‌సీపీ కన్నా ఆర్‌సింక్ మేలు. ఎస్‌సీపీలో మధ్యలో లైను పోతే ఆ ఫైల్ మళ్లీ మొదటి నుంచీ. ఆర్‌సింక్‌కు పార్షియల్ ఆప్షన్ ఇస్తే అప్పటికి వచ్చిన భాగాన్ని వాడుకుంటుంది. రోజు కోటా డేటాతో ఫోన్ హాట్‌స్పాట్ మీద పనిచేసే పిల్లలకు ఇది చాలా పెద్ద తేడా. టెక్స్ట్ ఫలితాలైతే అక్కడే జిప్ చేసి మరీ తెచ్చుకోండి.